దర్వాజకు చెప్పిన మాట

మనుషులకు కలిసి పనిచేయడం నేర్పడానికి సంచి భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లు ఉంటారని డెబ్బై మూడేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. తెలిశాక కోపం వచ్చింది. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ని నేను. ముప్పై నాలుగేళ్లు బొగ్గు బావిలో హాలేజీ ఇంజిన్ నడిపాను. అంటే కింద బొగ్గు నింపిన టబ్బులను ఇనుపతాడుతో పైకి లాగే ఇంజిన్. నా చదువు పకోడీ పొట్లాల కాగితాలతో మొదలై కార్మికుల రీడింగ్ రూములో పూర్తయింది. ఒక్కో షిఫ్టుకు వందల మందిమి దిగేవాళ్లం, పనిచేసేవాళ్లం, పైకి వచ్చేవాళ్లం. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి చార్టు చూపించినవాడు ఒక్కడూ లేడు.

మా తమ్ముడి బిడ్డ సుజాతది ఇదే ఉద్యోగం. సొసైటీలకు, కంపెనీలకు, మహిళా సంఘాలకు వెళ్లి ఒకరి దగ్గర ఒకరు ఎలా నేర్చుకోవాలి, నాయకత్వం ఎలా చేయాలి, మాట ఎలా మాట్లాడాలి అని శిక్షణ ఇస్తుంది. ఫిబ్రవరిలో ఒకరోజు కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చి నా మంచం మీద చార్టులన్నీ పరిచింది.

"గిదేం కొలువు బిడ్డా? నోరున్నోళ్లకు మాట్లాడుడు నేర్పుతరా?" అన్నాను.

"నువ్వు నలుగురిల కూసుంటే ముగ్గురు లేసిపోతరు పెద్దబాపూ. ముందుగాల నీకే నేర్పాలె" అంది.

నవ్వుతూనే అంది కానీ ఆ రోజు ఆమె మొహం బాగా లేదు. కారణం బోథ్ అనే ఊరు. అక్కడ పన్నెండు మంది ఆడవాళ్లు కలిసి కందిపప్పు మిల్లు నడుపుతున్నారు. రెండేళ్ల కింద మిల్లు మొదలైనప్పుడు వాళ్లకు మొదటి శిక్షణ ఇచ్చింది సుజాతే. ఇప్పుడు వాళ్లు రెండు వర్గాలై మిల్లుకు తాళం వేశారు. వచ్చే శనివారం మధ్యాహ్నం తాళంచెవి మండలాఫీసులో ఇచ్చేస్తారట. ఇచ్చేస్తే మిల్లు వేరే సంఘానికి పోతుంది.

సుల్తానాబాద్‌లో ఒక శిక్షణ, మంచిర్యాలలో ఒకటి ముగించుకుని ఆమె బోథ్ వెళ్లాలి. తోడుగా వచ్చే సహాయకురాలికి జ్వరం. "తిట్టేదేదో చూసి తిట్టు, రా" అంది. చూసి తిట్టడానికే బయల్దేరాను.

సుల్తానాబాద్: కళ్లు మూసుకోండి

మంగళవారం. యాసంగి నాట్లు అయిపోయి పొలాలన్నీ పచ్చగా ఉన్నాయి. శిక్షణ ఒక రైతుల సొసైటీలో. లోపల పద్దెనిమిది కుర్చీలు, ముందు వరసలో ఒక సోఫా, సోఫా నిండా చైర్మన్.

సుజాత అడిగింది: "పనిల మీకు ఏం అడ్డమొస్తంది? ఎవలన్న చెప్పుండ్రి."

ఎవరూ నోరు తెరవలేదు. చైర్మన్ తెరిచాడు.

"మా దగ్గర అడ్డమేం లేదు మేడం. అందరం ఒక్క ఇంటోళ్ల లెక్క ఉంటం."

"మీరు కాదు సార్, వాళ్లు చెప్పాలె."

"వాళ్ల తరఫుననే చెప్తున్న."

వాళ్లు తలలూపారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నాలుగు మాటలు అందామనుకునే లోపే సుజాత అందరినీ కళ్లు మూసుకోమంది. ఐదేళ్ల తర్వాత ఈ సొసైటీ ఎలా ఉండాలో ఊహించుకోవాలట. నేనూ మూసుకున్నాను. ఫ్యాను గాలి, పొద్దున తిన్న ఉప్మా. ఐదేళ్ల తర్వాతి సొసైటీ నాకు కనపడలేదు. ఎవరో మోకాలు తడితే మెలకువ వచ్చింది. హాలంతా పగలబడి నవ్వుతోంది. నా గురక వీధిలోకి వినపడిందట. ఆ రోజు ఆ పద్దెనిమిది మంది మనసారా చేసిన పని అదొక్కటే.

సిగ్గుపడి బయటికి వచ్చాను. గోదాము ముందు యూరియా లారీ దిగుతోంది. పక్క బండి దగ్గర బియ్యప్పిండి సర్వప్ప వేడివేడిగా తీస్తున్నారు. ఒకటి ఇరవై రూపాయలు. కరీంనగర్‌లో అదే ముప్పై, పైగా పల్లీలు లెక్కపెట్టి వేస్తారు. ఇక్కడ చెయ్యి నిండా వేశారు. మల్లయ్య అనే హమాలీ నా పక్కన కూర్చుని తింటూ అడిగాడు.

"లోపట ఏం నడుస్తంది కాకా? నవ్వుతుండ్రు."

"కలిసి పనిచేసుడు నేర్పుతున్నరు."

"మరి మమ్ముల పిలువకపోయిరి? సంచి ఒక్కనితోని లేస్తదా? ముందటోడు దగ్గుతడు, ఎనుకటోడు లేపుతడు. మాట గూడ అక్కెర లేదు." చెయ్యి తుడుచుకుని లేచాడు. "మేం చెప్తుంటిమి కదా వాళ్లకు."

సాయంత్రం శిక్షణ ఎలా ఉందో రాసివ్వమంటే పద్దెనిమిది మందీ "చాలా బాగుంది" అని రాసిచ్చారు. బస్సులో సుజాతను పట్టుకున్నాను.

"సంచులు మోసేటోళ్లను బయట కూసోబెట్టి ఎవనికి నేర్పినవు బిడ్డా?"

"పిలుస్తనన్న పెద్దబాపూ. కుర్చీలు సాలవన్నరు."

"నిలబడరాదా వాళ్లకు?"

ఆమె డైరీ తీసి ఏదో రాసుకుంది.

మంచిర్యాల: నేను తాబేలునట

బుధవారం మంచిర్యాలలో హోటల్ హాలు, ఏసీ, గాజు గ్లాసుల్లో నీళ్లు. ఒక కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజర్లకు నాయకత్వం గురించి. కంపెనీవాళ్లు వాళ్ల ప్రశ్నల కాగితమే పంచాలని పట్టుబట్టారట. ఇరవై ప్రశ్నలకు టిక్కులు పెట్టి కలుపుకుంటే మన లోపల ఉన్న జంతువు బయటపడుతుంది: పులి, గుర్రం, నెమలి, తాబేలు. ఖాళీగా ఉన్నాను కదా అని నాకూ ఒకటి ఇచ్చారు. నేను తాబేలు.

ముప్పై నాలుగేళ్లలో ఒక్క షిఫ్టుకు ఆలస్యంగా పోలేదు. సమ్మె రోజుల్లో మేనేజరు బల్ల మీద చెయ్యి చరిచి మాట్లాడినవాణ్ని. తాబేలట! కాగితం మడిచి జేబులో కుక్కుతుంటే పక్కనున్న నడివయసు సూపర్‌వైజర్ తన కాగితం చూపించాడు. అతనూ తాబేలే.

"ఫికర్ చేయకు కాకా. మా ఇంట్ల పులున్నది. దానికి కాగితం నింపే పనిగూడ లేదు" అన్నాడు.

ఆ ఊరంటే నాకు ఇష్టం. మా కరీంనగర్‌లో ఎదురైనవాణ్ని మీ ఊరేది అంటే జవాబు పక్క మండలం దాటదు. ఇక్కడ ఒక్కొక్కరి తాత ఒక్కో రాష్ట్రం నుంచి బొగ్గు కోసం వచ్చినవాడు. స్టేషన్ దగ్గర సమోసాలు వేసే ఆయన ముత్తాత ఉత్తరప్రదేశ్‌వాడట. ఆయన మాత్రం "జర ఆగు కాకా, గరం గరం ఇస్త" అని అచ్చం మా మాటే మాట్లాడాడు. సమోసా పదిహేను రూపాయలు, పచ్చిమిరపకాయ ఊరికే.

అది తింటుండగానే సుజాత ఫోను మోగింది. స్పీకరులో పెట్టింది. బోథ్ సంఘం పెద్ద సక్కుబాయి.

"రాకుండ్రి మేడం. మాటలు అయిపోయినయ్. మీరొచ్చి అలసిపోవుడు ఎందుకు?"

"ఏమైందో నాకు ఎవలు సక్కగ చెప్పలేరు కదా సక్కుబాయీ."

"ఏం చెప్పాలె? రేఖ చెప్పిన అంటది. మారుతి చెప్పలే అంటడు. ఇద్దరిల ఒక్కలు అబద్ధమాడుతున్నరు. అబద్ధమాడేటోళ్లతోని మిల్లు నడుస్తదా?"

ఫోను పెట్టేశాక సుజాత సమోసా ముట్టుకోలేదు. వచ్చేపోయే జనాన్ని చూస్తూ కూర్చుంది. "రెండేండ్ల కింద వాళ్లకు గియ్యే చార్టులు చూపిచ్చిన పెద్దబాపూ. అందరి మాట వినాలె అని చెప్పిన. చాలా బాగుంది అని రాసిచ్చిండ్రు" అంది.

కరీంనగర్‌లో ఉన్నప్పుడైతే నేను చెప్పలేదా అనేవాణ్ని. ఇప్పుడు మాత్రం "రావద్దన్నరని ఆగుతమా? పొద్దుగాల బస్సుకు పోదాం" అన్నాను.

అడవి దారి

జన్నారం దాటాక బస్సు అడవిలోంచి పోతుంది. టేకు ఆకులన్నీ రాలి ఎర్రటి నేల మీద అప్పడాల్లా పరుచుకుని ఉన్నాయి. ఖానాపూర్ నుంచి మాట మారుతుంది. నిర్మల్ దాటాక ఇంకా మారుతుంది. నా వెనక సీటులో ఇద్దరు ఆడవాళ్లు ఒక వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగించారు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ మాత్రం ఏ భాషా లేకుండా తన ఒళ్లోని కోడిని నా ఒళ్లో పెట్టి, సంచి సర్దుకుని, మళ్లీ తీసుకుంది. ధోవతి మీద కోడి గుర్తు మిగిలింది. బోథ్‌లో దిగేదాకా చేతిసంచి అడ్డం పెట్టుకున్నాను.

బోథ్: కుర్చీలు వద్దు

మిల్లు ఊరి చివర రేకుల షెడ్డు. ముందు కందులు ఎండబెట్టే గచ్చు. లోపల రెండు గదులు: మొదటి గదిలో పప్పు సంచులకెత్తుతారు, వెనక గదిలో మోటరు, యంత్రం. రెంటికీ మధ్య పెద్ద చెక్క దర్వాజ. తలుపులు లేవు, ఉత్త గుమ్మం చట్రమే. పన్నెండు మందీ వచ్చారు. ఆరుగురు గచ్చుకు ఈ పక్క, ఐదుగురు ఆ పక్క కూర్చున్నారు. ఎటూ కాకుండా నిలబడింది సక్కుబాయి. యాభై ఏళ్లుంటాయి. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది.

జరిగింది ఆమె చెప్పింది. కందులకు నూనె పట్టించి, నీళ్లు చిలకరించి, రాత్రంతా కుప్పేసి, రెండు ఎండలు ఎండబెట్టి మిల్లులో పొయ్యాలి. తడి ఆరకుండా పోస్తే పప్పు ముద్దయి యంత్రం బిగుసుకుంటుంది. ఆ రోజు హాస్టలుకు పప్పు పంపాలని వ్యాను వచ్చి నిలబడింది. తొందరలో తడి కందులు పోశారు. యంత్రం బిగుసుకుని బెల్టు తెగింది. అది ఎగిరొచ్చి సక్కుబాయి భుజానికి తగిలింది. బెల్టు మార్చారు కానీ పది రోజులు ఆమె చెయ్యి లేవలేదు.

గింజ కొరికి తడి ఉందో లేదో చెప్పేది రేఖ. ముప్పై లోపు వయసు, భర్త దుబాయిలో. యంత్రం నడిపేది మారుతి, ఆమె భర్తకు అన్న. రేఖ చెప్పకుండానే ఊరుకుందని కొందరు, మారుతి పొగరుతో వినలేదని కొందరు. అప్పటి నుంచి ఇదే గొడవ.

ఎవరో కుర్చీలు తెస్తుంటే సుజాత ఆపింది. "కుర్చీలు వద్దు. చార్టులు గూడ తియ్య. గా దినం మీరు యాడ నిలబడ్డరో ఆడ నిలబడుండ్రి. మారుతన్నను గూడ పిలువుండ్రి."

"ఆయన సంఘంల లేడు కదా మేడం?" అంది ఒకామె.

"పనిల ఉన్నడు కదా?"

మారుతి వచ్చాడు. నలభై దాటినవాడు, చేతులకు గ్రీసు మరకలు. ఎవరి వైపూ చూడకుండా వెనక గదిలోకి పోయి మోటరు దగ్గర నిలబడ్డాడు. సక్కుబాయి సంచుల దగ్గర. మిగతావాళ్లు గచ్చు మీద. రేఖ తల మీద కొంగు ముందుకు లాక్కుని దర్వాజ దగ్గరికి వచ్చి, మారుతికి వీపు పెట్టి, చెక్క వైపు తిరిగి నిలబడింది.

"ఏమన్నవు రేఖా?"

"'కందులు ఇంక ఎండలే, ఆపాలె' అన్న."

"ఎవలికి చెప్పినవు?"

రేఖ దర్వాజ మీద చెయ్యి పెట్టింది.

"చెక్కకా?" అంది సుజాత. ఆమె పట్నంలో పెరిగిన పిల్ల. నాకు మాత్రం తెలుసు. మా అమ్మ మా పెద్దబాపుతో జన్మలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన అన్నానికి కూర్చుంటే రోలు వైపు తిరిగి "చారు వేడిగున్నదట" అనేది. ఆయన విస్తరిలో గుంట చేసేవాడు. ఆ ఇల్లు అట్లాగే ముప్పై ఏళ్లు నడిచింది.

సక్కుబాయి సుజాతకు వివరంగా చెప్పింది. "మగని అన్నతోని మాట్లాడది మేడం. మా దిక్కు రివాజు. ఇంట్ల దర్వాజకు చెప్తే ఆయన వింటడు. తొమ్మిదేండ్లాయె, గట్లనే నడుస్తంది."

"నాకు వినరాలే," అన్నాడు మారుతి లోపలి నుంచి, సుజాతతో. "వినీ ఆపలేదంటున్నరు. సక్కుబాయి అక్క భుజం ఇరగ్గొడదామనుకుంటినా నేను?"

"మోటరు ఎయ్యి అన్నా. ఉత్తగనే. రేఖా, గా మాట మళ్ల అను" అంది సుజాత.

మోటరు మొదలైంది. రేకులు దడదడలాడాయి. రేఖ పెదవులు కదిలాయి. నేను ఆమెకు రెండు అడుగుల్లో ఉన్నాను. ఒక్క అక్షరం వినపడలేదు. సక్కుబాయి చెవి ఒగ్గి నిలబడింది, తల అడ్డంగా ఊపింది. సుజాత చెయ్యి ఎత్తితే మోటరు ఆగింది.

ఆ వర్గంవాళ్లు, ఈ వర్గంవాళ్లు, అందరూ దర్వాజనే చూస్తున్నారు. ఆమె చెప్పింది నిజం. ఆయనకు వినపడలేదన్నది నిజం. అబద్ధమాడినవాళ్లు లేరు.

"మరి జర గట్టిగ అనకపోతివానె?" అంది మారుతి వర్గంలో ఒకామె.

"నువ్వంటవా మీ బావ ముంగట గట్టిగ? ఆయన దగ్గితే నువ్వు కొట్టంల ఉరుకుతవు" అంది పక్కామె.

నవ్వు మొదలైంది. ఎంత బిగపట్టి ఉన్నారో, పొట్ట పట్టుకుని నవ్వారు. రేఖ కొంగు నోట్లో కుక్కుకుంది.

నవ్వాగాక సక్కుబాయి అడిగింది. "తెలిసింది మేడం. తెలిస్తే ఏమాయె? ఆమె మాట్లాడది, ఈయనకు వినరాదు. గింజ సంగతి ఆమెకే ఎరుక, మోటరు సంగతి ఈయనకే ఎరుక. రేపు మళ్ల గిదే అయితది. శనివారం తాళంచెవి ఇచ్చుడే."

జవాబు నా దగ్గర ఉంది. డెబ్బై మూడేళ్లొచ్చినా నాకు తెలిసిన సంగతి కడుపులో దాగదు. ముందుకొచ్చి చెప్పాను. నేను ఇంజిన్ గదిలో ఉంటే టబ్బులు ఎక్కడో పాతాళంలో ఉండేవి. చూడలేను, వినలేను. దారి పొడవునా ఒక తీగ ఉండేది. ఎవరు లాగినా నా తల మీద గంట కొట్టేది. ఒక్క గంట అంటే ఆపు. పనిలో చేరి మూడు రోజులైనా కానివాడు ఒకసారి లాగాడు. తిట్టుకుంటూనే ఆపాను. దిగి చూస్తే టబ్బు పట్టాలు తప్పి ఉంది, దాని ముందు ఒక మనిషి కాలు ఉంది. లాగింది పెద్దవాడా చిన్నవాడా అని ముందు అడగకూడదు. ముందు ఆపాలి.

"మాట్లాడే పనే లేదు. తాడు గుంజుడే. రివాజు తప్పది, మిల్లు ఆగుతది" అన్నాను.

సక్కుబాయి మారుతిని చూసింది. మారుతి నేలను చూశాడు. ఒక్క చిన్న కుప్ప కందులు పెట్టి చూద్దామని తేలింది. సాయంత్రానికే నూనె పట్టించి నీళ్లు చిలకరించారు. రెండు ఎండలకు వ్యవధి లేదు. శుక్రవారం ఒక ఎండ, శనివారం పొద్దున కొంచెం.

మబ్బు పట్టిన శుక్రవారం

శుక్రవారం పొద్దున్నే మబ్బు. ఆడవాళ్లు గచ్చు మీద రెండు పట్టాలు పరిచి కందులు ఆరబోస్తుంటే నేను గంట కొనడానికి ఊళ్లోకి పోయాను. ఎద్దు మెడలో కట్టే ఇత్తడి గంట, బేరమాడి మూడు వందలకు తెచ్చాను. సక్కుబాయి ఇంట్లో భోజనం: వేడి జొన్నరొట్టె, శనగపిండి కూర, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి దంచిన ఠేచా. మా దగ్గర ముందు అన్నం, తర్వాత మాటలు. వీళ్లు రొట్టె తుంచే ప్రతిసారీ ఒక మాట అంటారు. ఠేచా ఎంత తినాలో తెలియక ఒక ముద్ద వేసుకున్నాను. కళ్లనీళ్లు కారుతుంటే సక్కుబాయి మజ్జిగ చెంబు అందించింది.

"బొగ్గు బాయి బతుకనిచ్చింది గని మా మిరపకాయ సంపేటట్టున్నది సారును" అంది.

మధ్యాహ్నం గంట కట్టాం. దర్వాజ నుంచి తాడు, తాడు కొసకు మోటరు మీద గంట. మోటరు వేశారు. నేనే లాగాను. గంట ఊగింది, కనపడింది. చప్పుడు మాత్రం వినపడలేదు. ఇంకా గట్టిగా లాగాను. గంట ఊడి మారుతి కాళ్ల దగ్గర పడింది. ఆడవాళ్లు మర్యాదకు నవ్వలేదు. ముప్పై నాలుగేళ్ల అనుభవం నేల మీద దొర్లింది.

మారుతి మోటరు ఆపాడు. గంట తీసి నా చేతికిచ్చి, గోడకున్న పాత మెయిన్ స్విచ్చును, దాని పక్కనున్న ఇనుప పిడిని కాసేపు చూశాడు. పిడి కిందికి గుంజితే కరెంటు బంద్.

"గంట ఎందుకు కాకా? తాడు సక్కగ గీ పిడికే కడ్త. గుంజితే మోటరే ఆగుతది."

"గట్లయితే నీ చేతుల ఏముంటది?" అన్నాను.

"ఏముండాలె? మల్ల ఎయ్యనీకె నేనే ఉంట కదా" అన్నాడు.

నేనైతే ఒప్పుకునేవాణ్ని కాదు. నా ఇంజిన్ దగ్గర గంట మాత్రమే మోగేది, ఆపే చెయ్యి నాదే. ఆపే అధికారాన్ని తాడుకు కట్టి గది బయట పెట్టమంటే యూనియన్‌ను పిలిచేవాణ్ని. ఈ మనిషి స్టూలు ఎక్కి, రెండు కప్పీలు బిగించి, తాడు తెచ్చి దర్వాజ పక్కన, సరిగ్గా రేఖ చెయ్యి అందే ఎత్తులో ముడేశాడు. ఆమె ఎంత ఎత్తు ఉంటుందో ఎప్పుడు కొలిచాడో తెలియదు.

సుజాత నా పక్కకు వచ్చి మెల్లగా అంది. "పెద్దబాపూ, గిది నా చార్టుల లేదు."

"రాసుకో" అన్నాను.

శనివారం

పొద్దున కొంచెం ఎండ కాసింది. రేఖ ముందు పట్టా మీది గింజ కొరికి సరే అంది. వెనక పట్టా గోడ నీడలో ఉంది, దానికి ఇంకో ఎండ కావాలని సక్కుబాయికి చెప్పి, అడుగున ఉన్న గింజలను పైకి తిప్పుతూ కూర్చుంది. పదిన్నరకు మండలాఫీసు నుంచి ఫోను. తాళంచెవి తెస్తున్నారా అని. సక్కుబాయి "జర ఆగుండ్రి సారూ" అంటూనే అందరినీ అదిలించింది. ఆ గాభరాలో ఎవరి చేతికి ఏది అందితే అది బుట్టలకెత్తారు.

మోటరు మొదలైంది. మొదటి బుట్ట బాగా ఆడింది. పసుపు పచ్చటి పప్పు జలజలా రాలింది. సక్కుబాయి దోసిట్లో పట్టి నా మొహం ముందు పెట్టింది. రెండో బుట్టా బాగుంది. మూడో బుట్ట లోపలికి పోతుంటే గచ్చు మీద రేఖ లేచి నిలబడింది. అది వెనక పట్టాలోది, ఆమె వీపు తిరిగి ఉండగా ఎవరో ఎత్తింది. ఆమె పరుగెత్తుకొచ్చింది. దర్వాజ దగ్గర ఒక్క క్షణం ఆగింది. లోపల మారుతి బుట్ట ఎత్తుతున్నాడు. పదకొండు మంది చూస్తున్నారు. ఈసారి కూడా తప్పయితే, ఊరికే ఆపితే, మిల్లు పోగొట్టింది రేఖే అని ఊరంతా అంటుంది. అది ఆమెకు తెలుసు.

తాడు గుంజింది.

మోటరు మూలిగి ఆగింది. రేకులు ఊరుకున్నాయి. గచ్చు మీద పిచ్చుకల చప్పుడు వినపడింది. మారుతి బుట్ట దించి దర్వాజ దాకా వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా అందరినీ అడిగినట్టు అడిగాడు.

"ఎవలు గుంజిండ్రు?"

సక్కుబాయి నోరు తెరిచింది. ఆమె మాట బయటికి వచ్చేలోపే జవాబు వచ్చింది.

"నేనే. తడున్నది."

రేఖ గొంతు. చెక్క వైపు కాదు, ఎదురుగా. తల మీద కొంగు అట్లాగే ఉంది. మారుతి బుట్టలోంచి ఒక గింజ తీసి కొరికాడు. ఇంకొకటి కొరికాడు.

"ఎన్ని ఎండలు కావాలె?" అన్నాడు.

"ఒక్కటి."

ఆయన తలూపి, యంత్రంలోకి పోయిన గింజను కూడా చేత్తో బయటికి లాగి బుట్ట నింపాడు. బుట్ట భుజాన పెట్టుకుని గచ్చు మీదికి నడిచాడు.

సక్కుబాయి ఫోను తీసింది. "సారూ, తాళంచెవి రాదు. మిల్లు నడుస్తంది" అని ఆయన ఏమంటున్నాడో వినకుండా పెట్టేసింది. సుజాత వైపు తిరిగింది. "మీరు ఇంక ఉండే పనిలేదు మేడం. మాకు పనున్నది. పోయి రాండ్రి" అంది. అంత మంచి ధ్రువపత్రం ఏ శిక్షణలోనూ ఎవరూ రాసిచ్చి ఉండరు.

మేం సంచులు తీసుకుని బయటికొచ్చేసరికి ఎండ నిండుగా కాస్తోంది. గచ్చు మీద గోడ నీడ లేని చోటుకు పట్టా మార్చాలి. నాలుగు కొసలు, ఇద్దరే ఉన్నారు. రెండు కొసలు మారుతి పట్టుకున్నాడు. ఎదురుగా రెండు కొసలు రేఖ పట్టుకుంది. "ఇటు" అంది ఆమె. ఆయన ఇటు జరిగాడు.